సిమెంటు దిమ్మ మీద పేరు

బావా,

నువ్వు కన్నుమూసిన ఏడాదికి మన ఊరికి వైర్‌లెస్ నెట్ వచ్చింది. ఆఫ్రికాలో మలావి పల్లెలకి నెట్ పెట్టొచ్చిన నువ్వు, ఇక్కడ సిగ్నల్ లేదని ఎంత తిట్టుకునేవాడివో!

మనవాళ్ల సంగతి తెలుసుగా, డిష్షుని కొబ్బరిచెట్టుకి కట్టారు. సముద్రం గాలికి చెట్టు ఊగినప్పుడల్లా నెట్ పోయేది. నువ్వెప్పుడూ అనే మాటే నేనూ చెప్పాను.

"సెట్టుకి కాదు మావా, దిమ్మ పోసి గొట్టం పాతండి."

"నీకేటి తెలుసే నీలవేణీ?" అన్నాడు సర్పంచి మావ. రెండ్రోజులకి తనే సిమెంటు కలిపించాడు.

ఆ పచ్చి సిమెంటు మీద కొబ్బరి ఈనెతో నీ పేరు రాశాను. మొగుడి పేరు నోటితో పలకకూడదన్నారు గానీ, రాయకూడదని ఎవరూ అనలేదు.

నెట్ రాగానే, మలావిలో నీతో పనిచేసిన జోసెఫ్‌కి వీడియో కాల్ చేశాం. అతను నవ్వుతూ, నువ్వక్కడ పాతిన మొదటి స్తంభం చూపించాడు. దాని దిమ్మ మీద తెలుగు అక్షరాలు.

"ఓలమ్మా, నీలవేణి అని రాసున్నాదే!" అని సర్పంచి మావ గట్టిగా చదివాడు. నేను చెంగుతో ముఖం కప్పుకున్నాను.

అక్కడెవరూ చదవలేరనే కదా, అంత ధైర్యంగా రాశావు? ఇప్పుడు ఊరంతా చదివేసింది బావా.