సబ్బుపెట్టెలో ఆరు వోల్టులు

ఫిబ్రవరి 2, 1964, ఆదివారం, తాండూరు
ఉదయం 9 గం. తీర్మానం. ఈ రోజు నుంచి మా ఇంట్లోకి బ్యాటరీ సెల్లు రాదు. హైస్కూల్లో సైన్సు చెప్పే యాదగిరి అనే నేను, ట్రాన్సిస్టర్ రేడియోను కరెంటుతో నడిపే పెట్టె స్వయంగా తయారు చేస్తాను. బజారులో దొరికేవి ఇటుకంత ఉంటాయి, ఇస్త్రీపెట్టెలా కాలుతాయి. నాది సబ్బుపెట్టెలో పడుతుంది, చల్లగా ఉంటుంది. 230 వోల్టులను ఆరుకు దించాలి. అంతే. రెండు ఆదివారాల పని.

రేడియో నా భార్య అరుణాదేవిది. ఈ నెల 23న మధ్యాహ్నం రెండు గంటలకు ఆమె చెల్లెలు హైదరాబాద్ రేడియోలో మొదటిసారి పాడుతుంది. ఆ పాట నా పెట్టెతోనే వింటామని మాటిచ్చాను.

"ఎందుకన్న మంచిది, నాలుగు సెల్లులు తెచ్చి పెట్టరాదుండ్రి" అంది అరుణ. విజ్ఞానం మీద నమ్మకం లేని మనిషి.

ఫిబ్రవరి 4
సామాను: సన్న రాగితీగ, లావు రాగితీగ, ఇనుప రేకులు, డయోడు, సబ్బుపెట్టె. సబ్బు ప్రస్తుతం నేల మీద ఉంది.
లెక్క: వోల్టుకు పది చుట్లు. సన్న తీగ 2300, లావు తీగ 60. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేస్తారు.

ఫిబ్రవరి 9, ఆదివారం
8.00: చుట్టడం మొదలు.
9.40: 1114 చుట్లు. ఎంతమందికి వండాలని అరుణ అడిగింది. నలుగురికి అన్నాను. ఆ తర్వాతి చుట్టును ఐదు అని లెక్కపెట్టాను.
12.15: మొత్తం విప్పాను.
తప్పు నాది కాదు. ఈ ఇంట్లో ఆకలి ఎక్కువ.

ఫిబ్రవరి 14
సన్న తీగ పూర్తయింది. 2300. లేదా 2280. సైన్సులో కొంత అటూ ఇటూ ఉంటుంది. సబ్బుపెట్టె మూత పడటం లేదు. టిఫిన్ డబ్బాలోకి మార్చాను. సబ్బుపెట్టె ఆశయం మాత్రమే, కొలత కాదు.

ఫిబ్రవరి 18
వేళ్ళు తెగి సుద్దముక్క పట్టుకోలేకపోతున్నాను. దేవుడు పంపినట్టు అత్తగారి ఊరు దోమ నుంచి జంగప్ప వచ్చాడు, మామగారు పంపిన కందుల బస్తాతో. కల్లంలో ధాన్యం కొలవడం ఆయన పని. నలభై ఏళ్ళలో ఒక్క కుంచం లెక్క తప్పలేదట. మనకు కావలసింది అలాంటివాడే. లావు తీగ చేతికిచ్చి, అరవై చుట్లు చుట్టమని చెప్పి బడికి పోయాను.

సాయంత్రానికి ముచ్చటగా చుట్టి పెట్టాడు. లెక్క చూడలేదు. పెద్దమనిషిని అనుమానించడం మర్యాద కాదు.

ఫిబ్రవరి 20
ఆరు వోల్టుల బల్బుతో పరీక్ష. బ్రహ్మాండమైన వెలుతురు. సెల్లులతో ఇంత వెలుగు ఏనాడూ చూడలేదు. రెండు నిమిషాలకు బల్బు పోయింది. పాత బల్బు.
డబ్బా కొద్దిగా వేడెక్కింది. గచ్చు బండ మీద పెడితే చల్లబడింది. కాబట్టి చల్లని పెట్టె అన్న మాట నిలబెట్టుకున్నట్టే.

ఫిబ్రవరి 22
సాయంత్రం 6.00: రేడియోకు తగిలించాను. వీధి చివరిదాకా వినిపించింది.
6.03: పొగ.
6.10: ఊరికి బయలుదేరుతున్న జంగప్పను ఎన్ని చుట్టావని అడిగాను.

"అరవై సారూ. పదికొక్కటి కొసరు ఏసిన. కొసరు లేకుండ కొలుస్తమా? ఆఖర్ల, ఇంటి అల్లుడని ఇంకో ఇరవై నా దిక్కుకెల్లి సుట్టిన."

ఎనభై ఆరు. ఎనిమిదిన్నర వోల్టులు. ఆయన ప్రేమగా కొలిచి ఇచ్చాడు. తిరిగి లెక్కపెట్టవలసిన సైన్సు పంతులు ఊరుకున్నాడు.

అరుణ రేడియోను కొంగుతో తుడిచింది. పొగకు తుడవడం ఏమిటని అడిగే ధైర్యం రాలేదు. సెల్లులు తెద్దామన్నా ఇప్పుడు పెట్టడానికి రేడియో లేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం
1.30: అరుణ కొత్త చీర కట్టుకుని పక్కింటి రహీమాబీ దగ్గరికి పోయింది. వాళ్ళది ట్రంకుపెట్టెంత పాత రేడియో. దాన్ని చూసి నేను చాలాసార్లు నవ్వాను.
1.50: నేనూ పోయాను. లోపల ఆడవాళ్ళున్నారు, పరదా వేశారు. ఇంటాయన నిసార్ భాయే గడప బయట కూర్చున్నాడు.
"ఫికర్ చెయ్యకు సారూ, గీడికి మంచిగ ఇనబడతది" అన్నాడు.
2.04: మరదలి పేరు చెప్పారు. అప్పుడే మా ముందు బండల లారీ ఆగింది. డ్రైవరు ఇంజను ఆపకుండా చాయ్ తాగడానికి పోయాడు.
2.12: లారీ కదిలింది. పాట అయిపోయింది.
లోపల అరుణ ఏడుస్తోంది, నవ్వుతోంది. నాకు చాలా సిగ్గేసింది.

ఫిబ్రవరి 27
మరదలి కార్డు. "బావా, నా పాట ఎట్లున్నది? మీరు నిజం రాస్తరని మీకే రాస్తున్న. ఏప్రిల్‌ల మళ్ళ పిలిచిండ్రు. భయమైతున్నది, పోవాల్నా వద్దా మీరే చెప్పాలె."
"అద్భుతంగా పాడావు" అని రాశాను. అరుణ చదివి, కార్డు చింపేసింది.
"ఇననిది ఇన్నట్టు రాయకుండ్రి. అది మీ మాట నమ్ముకోని కూసున్నది."
కోపంగా అన్నా బాగుండేది. మెల్లగా అంది.

మార్చి 1, ఆదివారం
తీర్మానం. రేడియో బాగుకోసం వికారాబాద్ పోయింది. ఏప్రిల్ పాట కోసం కొత్త పెట్టె చేస్తాను. ఈసారి అగ్గిపెట్టెలో పడుతుంది. రేడియో ముట్టేముందు అరుణ అనుమతి తీసుకుంటాను.
8.00: మొదలు.
8.25: 212 చుట్లు. వంటింట్లో అరుణ, రేడియోలో చెల్లెలు పాడిన పాట పాడుతోంది. మొదటి నుంచి చివరిదాకా, నాకు వినిపించేటంత గట్టిగా. తీగ కింద పెట్టి విన్నాను.
8.40: కార్డు రాశాను. "ఆ రోజు నా తెలివి వల్ల వినలేకపోయాను. ఈ రోజు మీ అక్క పాడితే విన్నాను. చాలా బాగుంది. ఏప్రిల్‌లో తప్పకుండా పాడు."
అరుణ చదివింది. చింపలేదు.
9.00: ఎన్ని చుట్లో మరిచిపోయాను. విప్పి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.