బొగ్గుల మీద పక్కటెముకలు

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పెనుకొండలో మన హోటల్‌ను నేనే నడుపుతున్నాను.

ఈ మధ్యాహ్నం కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే నీ కొరియా ఇంజినీరు వచ్చాడు. రేపు తన దేశానికి వెళ్లిపోతాడట. "హిందూపురం, ధర్మవరం అంతా తిరిగినానక్కా. నాయన కాల్చే మాదిరి పొట్టేలు పక్కటెముకలు యాడా దొరకలేదు" అన్నాడు, నువ్వు నేర్పిన తెలుగులో.

బొగ్గులు రాజేశాను. మొదటిసారి పక్కటెముకలు మాడిపోయాయి. రెండోసారి లోపల పచ్చిగానే ఉన్నాయి. మసాలాలో నువ్వు బెల్లం కలిపేవాడివా, చింతపండా? ఇప్పుడు ఎవరిని అడగను నాయనా? మళ్లీ కాల్చాను.

అతను ఒక ఎముకను చివరిదాకా కొరికాడు.

"నాయన చేసినట్ల ఉండాదా?" అని అడిగాను.

"లేదక్కా" అని తల వంచుకున్నాడు.

కాసేపటికి ఖాళీ ప్లేటు నా వైపు జరిపాడు. ఇంకో ముక్క వేశాను.