మనవణ్ణి పంపిస్తారా అని అడిగారు

ఏమండీ,

ఈ ఆదివారం మీ సంవత్సరీకం పూజలోనే మన మనవడు జోజిని మన చర్చిలోని మీ పురుషుల సేవాసంఘంలోకి పిలిచారు. ఇంటి ఆడవాళ్ళు అందరి ముందూ ఒప్పుకుంటేనే భుజానికి నీలం పట్టీ వేసే పద్ధతి మీకు తెలుసు. వాడికి తల్లి లేదు కనుక నన్నే అడగాలి. వద్దనే చెప్పాలని వెళ్ళాను. ఆ సంఘం కోసం మీరు నాలుగు క్రిస్మస్‌లు, ఆరు ఈస్టర్‌లు ఇంట్లో లేరు. ఎక్కడికెళ్ళారంటే “పని పడింది” అనేవారే గానీ ఏ పనో ఎప్పుడూ చెప్పలేదు.

సంఘం పెద్ద అడిగాడు: “అమ్మా, కబురొస్తే జోజిని పంపిస్తరా? పెద్దాయనప్పుడు మమ్మల్ని గేటు కాడనే ఆపుతుంటిరి!”

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

వెనక వరుసలోంచి విభూతి పెట్టుకున్న ఒక ముసలమ్మ లేచింది. గబ్బూరు నుంచి వచ్చి మన థర్మల్ కరెంటు స్టేషన్‌లో బూడిద ఎత్తిన మనిషి. మీ సంవత్సరీకమని విని వచ్చిందట.

“పంపియ్యమ్మా. మీ క్రిస్మస్ దినమే మా ఇంటాయన క్షయతోటి పోయిండు. మా వాళ్ళు ఒక్కరు ముట్టలే. మీ ఇంటి సాహెబే శవాన్ని కడిగి, భుజం మీద మోసుకపోయి మట్టిచేసిండు. ఇంట్ల పండగని గూడ చెప్పలే.”

ఆ రోజు మీరు పెరట్లోనే స్నానం చేసి లోపలికి వచ్చారు. ఎందుకని అడగకుండా చల్లారిన అన్నం మీ ముందు పెట్టాను. ఇన్నేళ్ళు ఎలాంటి మనిషితో కాపురం చేశానో చర్చి బల్ల మీద కూర్చుని తెలుసుకున్నాను.

పంపిస్తానన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. సంఘం పెద్ద ఇంకా నా వైపే చూస్తున్నాడు. లేచి నిలబడి మళ్ళీ చెప్పాను.