తప్పు చేసినవాళ్ళ కుర్చీ

ఆగస్టు 4, సోమవారం

కొత్త రూల్ పెట్టాను. మా స్కూలు వాలీబాల్ ప్రాక్టీసులో తప్పు చేసిన పిల్ల కోర్టు పక్కన కుర్చీలో కూర్చోవాలి. మిగతా పదకొండు మందీ గ్రౌండ్ చుట్టూ ఐదు రౌండ్లు పరిగెత్తాలి. పద్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లలకి టీమ్ యూనిటీ ఇంకెలా ఎక్కుతుంది? నాకు నేనే భలే నచ్చేశాను.

ఆగస్టు 7, గురువారం

పొట్టి ఇవాళ మూడుసార్లు కుర్చీ ఎక్కింది. నెట్ దగ్గర బంతి లేపి ఇచ్చే పిల్ల. చేతులు బంగారం, సర్వీసు మాత్రం నెట్ దాటదు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఏడిస్తే బంతి దాటుతుందా అన్నాను. ఎవరూ నవ్వలేదు.

ఇంకొకమ్మాయి కాలు మడత పడింది. చూసుకోకపోవడం కూడా తప్పేనని ఆమెనీ కూర్చోబెట్టాను.

ఇంట్లో చెబితే మా ఆయన, పరిగెత్తేవాళ్ళకన్నా కూర్చున్న పిల్లకే పెద్ద శిక్ష కదా అన్నాడు. వైరింగ్ పనిచేసేవాడికి వాలీబాల్ గురించి ఏం తెలుసు అనుకున్నాను. అనుకోవడమేమిటి, మొహం మీదే అనేశాను.

ఆగస్టు 13, బుధవారం

ఇవాళ పన్నెండు మందీ ఎడమచేతి రెండు వేళ్ళకి కలిపి తెల్ల టేపు చుట్టుకొచ్చారు. ఎందుకని అడిగితే, ఇది మన టీమ్ గుర్తు టీచర్ అంది కెప్టెన్. ఒళ్ళు పులకరించింది. ఫోటో తీసి హెడ్మిస్ట్రెస్‌కి పంపాను. నేనూ చుట్టుకున్నాను.

ఆగస్టు 19, మంగళవారం

వారం నుంచి కుర్చీ ఖాళీ. పొట్టి సర్వీసు వంతు కూడా వేరేవాళ్ళే తీసుకుంటున్నారు, ఆమె వైపు బంతి వస్తే ఇద్దరు ముగ్గురు ఉరుకుతున్నారు. మా ఆయనకి గొప్పగా చెప్పాను.

ఆగస్టు 22, శుక్రవారం, సాయంత్రం 6

స్కూళ్ళ పోటీల్లో సెమీఫైనల్. రెండో సెట్లో అవతలి అమ్మాయి కొట్టిన బంతి పొట్టి ఎడమచేతికి తగిలింది. కెవ్వుమని అరిచి కూలబడింది. టేపు విప్పితే ఉంగరం వేలు వాచి, వంకాయ రంగులో ఉంది.

కెప్టెన్ ఏడుస్తూ చెప్పింది. దెబ్బ పన్నెండో తారీఖునే ప్రాక్టీసులో తగిలిందట. అప్పుడు నేను ఫోన్లో ఉన్నానట. చెబితే చూసుకోలేదని కుర్చీలో కూర్చోబెడతానని పొట్టి భయపడిందట. ఒక్కదాని చేతికే టేపు ఉంటే నేను పట్టేస్తానని అందరూ చుట్టుకున్నారట.

ఆసుపత్రిలో డాక్టరు, ఎముక విరిగి పది రోజులైంది, వంకరగా అతుక్కుంటోంది, సరిచేసి కట్టినా వేలు పూర్తిగా వంగుతుందని చెప్పలేనన్నాడు. కోచ్ ఎవరని అడిగాడు. నా వేళ్ళకీ అదే టేపు. చెయ్యి చున్నీ కింద దాచుకున్నాను. పొట్టి వాళ్ళమ్మ, బట్టలు కుట్టే మనిషి, ఈవిడే సార్, మా పిల్లకి టీచరంటే ప్రాణం అంది.

ఆగస్టు 23, శనివారం

టేపు జిగురు ఎంత రుద్దినా పోవడం లేదు.

ఆగస్టు 25, సోమవారం

నిజంగానే ఒక్కటయ్యారు పిల్లలు. నా నుంచి ఒకరినొకరు కాపాడుకోవడానికి. అదంతా నేను నేర్పిందేనని ఊరేగాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. కూర్చున్న పిల్లకే పెద్ద శిక్ష అని మా ఆయన ముందే అన్నాడు.

జరిగింది జరిగినట్టు హెడ్మిస్ట్రెస్‌కి రాసిచ్చాను. పొట్టి వాళ్ళమ్మకీ చెప్పాను. ఆవిడ మెషీన్ ఆపి, చాలాసేపు నన్ను చూసి, మళ్ళీ కుట్టుకుంది.

సెప్టెంబరు 1, సోమవారం

పిల్లల ముందు నిలబడి తప్పు నాదన్నాను. రూల్ తీసేశానన్నాను. కెప్టెన్ వెళ్ళి కుర్చీ తెచ్చి వేసింది.

కూర్చున్నాను. పదకొండు మందీ పరుగు మొదలుపెట్టారు. వద్దని అరిచాను, ఆగలేదు. పొట్టి కట్టు చెయ్యి గుండెకి ఆనించుకుని వెనకాల నడిచింది. ఎవరూ నా వైపు చూడలేదు.

ఐదో రౌండు పొట్టి కూడా పూర్తిచేసేదాకా లేవలేదు.