చీర తడిసింది, అత్తా

అత్తా,

బతికున్నప్పుడే నీకు అక్షరం ముక్క రాదు, ఇప్పుడేం చదువుతావు! అయినా రాస్తున్నాను. ఈ కబురు నీకు కాక ఇంకెవరికి చెప్పను?

నువ్వు పోయాక వచ్చిన మొదటి వానాకాలం ఇది. నిన్నటి నుంచీ నీ మునిమనవడికి ఒకటే నీళ్ల విరేచనాలు. కళ్లు లోపలికి పోయాయి, ఏడిస్తే కన్నీళ్లు కూడా రాలేదు. ఆసుపత్రికి తీసుకుపోదామంటే, గెడ్డ పొంగి ముంచింగిపుట్టు జీపు ఇటు రాలేదు.

అప్పట్లో నర్సమ్మ లీటరు నీళ్లు కొలిచి పోస్తే నువ్వు కత్తితో గాటు పెట్టుకున్న ఆనపబుర్ర ఉంది కదా, దాన్నే దించాను. కాచి చల్లార్చిన నీళ్లు గాటు దాకా పోసి ఓఆర్ఎస్ పేకెట్ కలిపాను. తల్లి చెంచాతో పట్టిస్తుంటే పిల్లాడు కక్కేశాడు.

"ఇంకెందుకత్తా, ఉన్నదంతా కక్కేత్తన్నాడు," అని నా కోడలు చెంచా పక్కన పెట్టేసింది.

"కక్కితే కాసేపాగి మళ్లీ పట్టాల. బేగి బేగి కాదు, సుక్క సుక్కగా పట్టు," అని కసిరాను. అచ్చం నీ గొంతే. ఒకప్పుడు ఆ గొంతు వింటే నాకు ఒళ్లు మండేది!

ఊళ్లో ఏ బిడ్డకి ఇలా అయినా నువ్వు ఒళ్లో పెట్టుకుని కూర్చునేదానివి. కింద గుడ్డ వెయ్యబోతే, "ఉచ్చ పోత్తేనే కదే బతికినట్టు!" అని తోసేసేదానివి. అందుకే నేనూ వేసుకోలేదు.

ఇందాక నా ఒళ్లో వెచ్చగా పోశాడు, అత్తా. ఇప్పుడు తల్లి దగ్గర పాలు తాగుతున్నాడు. కోడలు చీర మార్చుకోమని పోరుతోంది.

ఇంకా మార్చుకోలేదు.