దీపాలు తీసిందెవరు?

బాబాయి గారికి నమస్కారాలు.

నా పని అయిపోయింది. మా వీధి గ్యాసు దీపాలను ఎవరు, ఎందుకు తీసేశారన్న పరిశోధనలో పీకలదాకా మునిగాను. నమ్మదగిన ఆధారం ఒక్కటీ దొరకడం లేదు. లైబ్రరీలో పాత పత్రికలు అడిగితే, తడిసి అట్టకట్టిన కట్ట చేతిలో పెట్టారు. ఇంటర్నెట్‌లో పదిమంది రాశారు గానీ, అందరూ ఒకరి దగ్గర ఒకరు ఎత్తి రాసినవాళ్లే. ఆధారాలు చూపకపోతే, పరిశోధన చేయిస్తున్న మాష్టారు నన్ను వదలరు. అన్నం సహించడం లేదు.

దిగులుతో,
మీ అన్న కూతురు

తా.క.: నాన్నకు చెప్పకండి. పీహెచ్‌డీ చేసి డాక్టరునవుతానంటే, ఇప్పటినుంచే మోకాళ్ల నొప్పికి మందు అడుగుతున్నారు.

*

చిట్టితల్లికి ఆశీస్సులు.

కోర్టు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఇన్నేళ్ల ప్లీడరీలో నీలాంటి అమాయకురాలిని చూడలేదు. ఆధారాలు దొరకలేదని ఏడుస్తావేమే? దొరకనంత కాలమే మనం క్షేమం! ఎవరేం అడిగినా తెలియదను.

నీ తరఫున వకాల్తా పుచ్చుకున్న,
బాబాయి

తా.క.: తీసిన దీపాలు ఎక్కడ దాచావో నాకు కూడా రాయకు.

*

బాబాయి గారూ,

నేను దొంగను కాను, విద్యార్థిని! ఆ దీపాలు నేను పుట్టకముందే, అరవై ఏళ్ల కిందటే తీసేశారు. కళ్లారా చూసినవాళ్లు ఒక్కరు దొరికినా వాళ్ల మాట రాసుకుని గట్టెక్కుతాను. ఇప్పటికి నా పత్రంలో ఖాయంగా ఉన్నది నా పేరొక్కటే.

ఏడుపు ఆపుకుంటూ,
మీ అమ్మాయి

తా.క.: అందులోనూ మాష్టారు అచ్చుతప్పు పట్టారు.

*

చిట్టితల్లీ,

పుట్టకముందా! ఇంత గట్టి వాదన పెట్టుకుని ముందే చెప్పవేం? చూసినవాళ్లు కావాలన్నావుగా, నాకు నమ్మకమైన సాక్షులు ఇద్దరున్నారు. ఏం చూడమంటే అది చూస్తారు. మీ మాష్టారి గదికే పంపించాను.

గెలుపు మనదే,
బాబాయి

తా.క.: పొట్టాయన కాస్త ఎక్కువ చూస్తాడు. మధ్యలో ఆపు.

*

బాబాయి గారికి,

మూడు నెలలుగా మీకు రాయడానికి చెయ్యి రాలేదు.

ఆ రోజు నేను వెళ్లేసరికే మీ పొడుగాయన, దీపాలు తీసినప్పుడు జోరున వాన కురిసిందని ప్రమాణం చేస్తున్నాడు. నిచ్చెన పట్టుకున్నది తనేనని పొట్టాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆయనకు నలభై కూడా లేవు! "సార్, ఇదంతా అబద్ధం" అని మొత్తుకున్నాను. "నువ్వుండమ్మా, ఎంత బాగా చెబుతున్నాడో!" అంటూ మాష్టారు రాసుకుంటూ పోయారు.

నిన్న పిలిచి, తన కొత్త వ్యాసం అచ్చయిన పత్రిక నా చేతిలో పెట్టారు. "ఇక బెంగ పెట్టుకోకు. ఇదిగో, నమ్మదగిన ఆధారం" అన్నారు.

నా పత్రం పూర్తయింది బాబాయి గారూ. ఆధారాల కింద ఉన్నది అదొక్కటే.

ఇక మీకేమీ చెప్పుకోలేని,
మీ అమ్మాయి

తా.క.: వచ్చే నెల సదస్సుకు పొట్టాయనే ముఖ్య అతిథి. ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పాల్సింది నేనే.