కాసింభాయి భట్టిల ఎడమ మూల

బాపూ,

నేను రాజవ్వను. నువ్వు పోయి పదకొండు నెలలాయె.

అవ్వ బాగనే ఉన్నది. ఎప్పటిలెక్కనే నూలు కండెలు సుడుతాంది. మీ అల్లుడు మిల్లుకు పోతాండు. సిన్నోనికి ముందటి పండ్లు రెండు ఊడినయి, నవ్వితె అచ్చం నీలెక్కనే కనబడుతాండు.

ఇన్ని దినాలు నీకేం రాయలే. రాయనీకె ఏముంటది... పొద్దుందాక మగ్గం చప్పుడేనాయె. ఇప్పుడు మాత్రం రాయాలె. కాసింభాయి భట్టి సంగతి.

నువ్వు ఆఖరికి కట్టిన రొట్టెల భట్టి అదే గద. సాఖర్ పేటల, నూలుకు రంగులద్దే కార్ఖానా గోడకు ఆనుకోని కట్టినవు. మొన్న వానలు పడ్డంక అది చెడిపోయింది. కుడిదిక్కు పెట్టిన పావు రొట్టె మాడుతాంది. ఎడమదిక్కు లోపలి మూలకు పెట్టింది పైన ఎర్రగ కాలుతాంది గని, తిప్పి సూస్తె అడుగున పచ్చిపిండే. పొద్దుగాల మిల్లు భోంగా కూయంగనే మిల్లోల్లు చాయల ముంచుకోని తినేది ఆ పావేనాయె. ఇద్దరు ముగ్గురికి కడుపుల నొచ్చిందంట. బుట్టలు బుట్టలు వాపసు వచ్చినయి.

కాసింభాయి విఠోబా మిస్త్రీని పిలిచిండు. ఇండ్లు కట్టే మిస్త్రీ, నీకు ఎరుకే. ఆయన భట్టి మూతి కాడ వంగి, లోపలికి ఒక్కసారి సూసి, "ముసలోనికి కండ్లు కనబడలే, గుమ్మటం వంకర కట్టిండు, మొత్తం కూలగొట్టాలె" అన్నడంట.

ఆ మాట కొంతం చౌక్ చాయ హోటల్ దాక పోయింది. మీ అల్లుడు ఆడ ఇని ఇంటికొచ్చి, బువ్వ పల్లెం పక్కకు జరిపిండు. ఏందని అడిగితె ఏం లేదన్నడు. మల్ల అడిగితె చెప్పిండు.

ఎట్లంటరు బాపూ ఆ మాట? సాలోల్ల ఇంట్ల పుట్టి గీ మట్టిపని ఏందని ఎంతమంది నవ్విండ్రు నిన్ను. కండ్లల్ల పొర వచ్చి పోగులు కనబడక మగ్గం దిగినవు. "భట్టికి కండ్లు అక్కర్లేదు బిడ్డా, చెయ్యి చాలు" అన్నవు. ఈ ఊర్ల ఎన్ని భట్టిలు కట్టినవు, ఎన్ని బాగుచేసినవు... ఒక్కటన్న వంకర పోయిందా?

మోకాళ్లు వంగక నువ్వు లోపలికి దూరలేకపోతివి. నేను సన్నగుంటి. ఏడేండ్లు నేనే దూరిన. నువ్వు మూతి కాడ కూసోని "ఏం కనబడతాంది? ఎంత సందున్నది? వేలు పడతదా?" అని అడిగేది. నేను లోపటినుంచి చెప్పేది. నేను చెప్పిందే నువ్వు సూసినట్టు.

ఈ మాట మల్ల చెప్త. ముందుగాల్ల జరిగింది జరిగినట్టు రాయనియ్యి.

మర్నాడు పోయిన. అవ్వ అడ్డం పడ్డది, మొగోల్ల నడుమ నీకేం పని, బాపు ఉన్నప్పటి ముచ్చట వేరు అన్నది. అయినా పోయిన. కాసింభాయి నన్ను సూసి కుర్చి ఏసిండు గని, మొఖం మాత్రం పక్కకే పెట్టిండు. "నువ్వేం సూస్తవు బేటీ? మిస్త్రీ చెప్పిండు గద" అన్నడు. ఒక్క దినం టైం ఇయ్యిమన్న. భట్టి నడుస్తాంటెనే సూస్త అన్న.

నువ్వు ఎట్ల చేస్తుంటివో అట్లనే చేసిన. ముందు రొట్టె అడుగు సూసిన. నువ్వు చెప్పేది యాది చేసుకున్న... "పైన ఎర్రగుండి అడుగు తెల్లగుంటే కింది ఇటుకలల్ల తప్పు. అడుగు మాడి పైన తెల్లగుంటే గుమ్మటంల తప్పు. రెండు దిక్కుల తెల్లగుంటే కట్టెల తప్పు. రెండు దిక్కుల మాడితె భట్టోడు నిద్రపోయిండు." ఆ ఆఖరి మాటకు ప్రతిసారి నువ్వే నవ్వుతుంటివి.

కట్టెలు సూసిన. తుమ్మ కట్టెలు, మంచిగ ఎండినయే. చిమ్నీ మూత ఎత్తి సూసిన. మసి పట్టింది గని గాలి గుంజుతాంది. మసి దులిపించిన. జెరంత ఫరక్ పడ్డది, అంతే.

అప్పుడు గుప్పెడు మైదా తీసుకోని లోపల నాలుగు దిక్కుల సల్లి, లెక్కపెట్టుకుంట నిలబడ్డ. కుడిదిక్కుది పది అనేలోపల్నె ఎర్రబడ్డది. నడుమది ఇరవైకి. ఎడమ మూలది... వంద అన్న గని తెల్లగనే ఉన్నది. కాసింభాయి నా పక్కన నిలబడి తాను సుత లెక్కపెడుతుండె. వంద అనంగనే నా దిక్కు సూసిండు.

గుమ్మటం తప్పు కాదు, కింద ఏదో ఉన్నది, సల్లారినంక లోపలికి పోవాలె అన్న. పీరీల పండుగకు ఎట్లా రెండు దినాలు బందే, అప్పుడు సూడు అన్నడు. విఠోబాను సుత పిలుస్త, ఆయన ముందటనే సూడాలె అన్నడు. సరే అన్న.

పండుగ రెండో దినం పగటాల్ల పోయిన. చీర గోసి బిగగట్టి, కందీలు పట్టుకోని దూరిన. లోపట ఇంక ఎచ్చగనే ఉండె. నువ్వు మూతి కాడ లేకుంట లోపలికి పోవుడు అదే మొదలు... కొంచెంసేపు ఏం చేయాల్నో తోయలే. ఎవరన్న ఏమన్న అడుగుతరేమో అని సూసిన. ఎవరు అడుగుతరు?

గుమ్మటం అంత అరచేత్తోని తడిమిన. పగులు లేదు. గుండ్రం ఎక్కడ తప్పలే. మల్ల సుత్తె పిడితోని కింది ఇటుకలు ఒక్కొక్కటి కొట్టుకుంట పోయిన. టన్ టన్ అనుకుంట వచ్చి, ఎడమ మూల కాడ దబ్ అన్నది. ఆ ఇటుక లేపిన.

ఇటుకల కింద ఉప్పు, గాజు పెంకులు, ఇసుక కలిపి పరుస్తం గద, వేడి పట్టుకోని ఉండెతందుకు. ఆ ఉప్పు కరిగి బురదయింది. ఇసుక నా చేతికి అంటుకున్నది. ఎర్రగ. గాజుపెంకు గీసుకోని రగతం వచ్చిందనుకున్న. కందీలు దగ్గరికి గుంజి సూస్తె... రగతం కాదు. రంగు. కార్ఖానల నూలుకు అద్దే ఎర్ర రంగు.

గోడ అవతల వాళ్ల మురికినీళ్ల మోరి ఎప్పుడో పగిలింది, మొన్నటి వానలకు ఎక్కువై నీళ్లు మన భట్టి కిందికి ఇంకినయి. కింద తడి ఉంటె మీద ఎంత మంట పెడితె ఏం లాభం? వేడి అంత ఆ తడిని ఎండగొట్టుటానికే పాయె. ఆ మూల కాలాలని కట్టెలు ఎక్కువేస్తె కుడిదిక్కు మాడింది.

బయటికి వచ్చి చెయ్యి సూపెట్టిన. కాసింభాయి "యా అల్లా" అన్నడు. విఠోబా నా చెయ్యి పట్టుకోకుంటనే వంగి వంగి సూసిండు. "మోరి తప్పు. ముసలోని తప్పు లేదు" అని ఆయన నోటితోనే అన్నడు బాపూ. అందరి ముందట అన్నడు. పావు అమ్మేటోల్లు, రంగు కార్ఖానా పనోల్లు, అందరు ఇన్నరు.

నేను గప్పుడు నోరు మూసుకుంటె అయిపోతుండె. నీ పేరు నిలబడ్డది. నాకు పని దొరుకుతది. హోట్గి రోడ్డు కాడ ఒక బేకరోళ్లు ఈ భట్టి బాగైతె మా భట్టి సుత నువ్వే సూడు అని అప్పటికే కబురు పెట్టిండ్రు.

గని మోరి అప్పుడు సుత అక్కడనే ఉండె గద...

నీకు యాదికున్నదా? ఆ మూల కట్టే దినం నువ్వు బయట గోనెసంచి మీద కూసున్నవు. నేను లోపట ఉన్న. "అవతల మోరి ఉన్నది బిడ్డా. మోచెయ్యి లోతు తవ్వి చెయ్యి పెట్టి సూడు. తడి ఉంటె షాబాదు బండ పరుద్దాం. పొడి ఉంటె ఉత్త ఇసుక చాలు" అన్నవు.

ఆ దినం సిన్నోనికి జరం. పొద్దుగాల వచ్చేటప్పుడు ఒళ్లు కాగుతుండె. అవ్వ మీద ఇడిచిపెట్టి వచ్చిన. నా పానమంత ఇంటి కాడనే ఉన్నది. తవ్వాలంటె మల్ల జామసేపు. నేను తవ్వలే బాపూ. మీది మట్టి మీద చెయ్యి పెట్టి, "పొడిగున్నది" అని చెప్పిన.

నువ్వు "సరే" అన్నవు.

గదే చెప్పిన. కాసింభాయికి, విఠోబాకు, అందరి ముందట. బాపు తడి సూడుమన్నడు, ఉంటె బండ పరువుమన్నడు, నేనే సూడలే, అబద్ధం చెప్పిన అని. చెప్పుడు అయిపోయినంక గోడ పట్టుకోని నిలబడ్డ.

విఠోబా నవ్విండు. కాసింభాయి నవ్వలే. మొఖం ఎర్రగ చేసుకోని, "రెండు నెలలు నా గిరాకి తోని తిట్లు తిన్న. నీ బాపును నేను సుత తిట్టిన. ఆయన మయ్యతుకు భుజం పెట్టినోన్ని, ఆయన్నే తిట్టిన!" అన్నడు. అని చెప్పులేసుకోని ఎల్లిపోయిండు.

నేను ఆడనే కూసున్న. ఇంటికి పోవాల్నో వద్దో తెల్వలే. లేపిన ఇటుక నా ముందటనే ఉన్నది.

నమాజు అయినంక వాపసు వచ్చిండు. లేపిన ఇటుక దిక్కు సూసిండు. "నువ్వే పాడుచేసినవు, నువ్వే బాగుచెయ్యి" అన్నడు. "గని ఈసారి నువ్వు చెప్తె నేను నమ్మ. నేను సుత చెయ్యి పెట్టి సూస్త."

బాపూ, ఆ మనిషి ఎంత లావుంటడో నీకు ఎరుకే గద. మూతిల భుజాల దాక ఇరికిండు. ఇద్దరు కాళ్లు పట్టి గుంజాల్సి వచ్చింది. నేను మోచెయ్యి లోతు తవ్విన గుంతల చెయ్యి పెట్టి, తడిమి, "హా, తడి ఉన్నది" అని లోపటినుంచి అరిసిండు. అందరు నవ్విండ్రు. నాకు సుత నవ్వొచ్చింది.

మోరి రంగు కార్ఖానోల్లు బాగుచేయించిండ్రు. నేను ఆ మూల మొత్తం తవ్వి, ఎర్ర ఇసుక తీసి, షాబాదు బండ పరిచి, కొత్త ఉప్పు, గాజు, ఇసుక ఏసి ఇటుకలు పేర్చిన. "తడి భట్టికి ఒక్కసారే మంట పెడితె పగులుతది" అని నువ్వు చెప్పేది గద. ఐదు దినాలు సన్న మంట పెట్టిన. మొదటి దినం ఇటుకల సందులల్లకెల్లి ఆవిరి వచ్చింది, ఐదో దినానికి ఆగింది.

ఆరో దినం రొట్టె ఏసినం. ఎడమ మూల పావు నేనే తీసి తిప్పి సూసిన. అడుగు ఎర్రగ, ఒక్క తీరుగ కాలింది. కాసింభాయి అది ఇరిసి సగం నాకిచ్చిండు. నోరు కాలింది, అయినా తిన్న.

హోట్గి రోడ్డోల్లు మాత్రం నన్ను వద్దన్నరు. అబద్ధం చెప్పేదాన్ని లోపలికి ఎట్ల పంపుతం అన్నరంట. ఆ పని విఠోబాకు పోయింది. వాళ్లు అనేదాంట్ల తప్పేమున్నది? బాధ అయితె అయింది.

ఈ సంగతంత నేను అవ్వకు చెప్పలే. నిన్న కాసింభాయి ఇంటికొచ్చి రొట్టెలిచ్చి, తానే చెప్పిండు. ఆయన పోయినంక అవ్వ కండె సుట్టుడు ఆపింది. నన్ను తిడుతదనుకున్న.

"మీ బాపుకు ఎరుకేనే" అన్నది.

ఆ దినం పొద్దుమూకి ఇంటికొచ్చి నువ్వు అవ్వకు చెప్పినవంట గద... "పార చప్పుడు ఇనబడలే. పిల్ల తవ్వకుంటనే పొడి అన్నది. పిలగాని మీదనే పానమున్నది దానికి, పోనియ్యి. రేపు నేనే పోయి తవ్విపిస్త" అని.

తెల్లారి నీకు దగ్గు ఎక్కువయింది. మూడు దినాలు మంచం దిగలే. నాలుగో దినం నువ్వు వచ్చేటాళ్లకు నేను ఇటుకలు పరిపించిన. నువ్వు మూతి కాడ కూసోని పొడుగు కర్రతోని ఇటుకలు తడిమి సూసినవు. ఎడమ మూల కాడ కర్ర ఆగింది. నేను సూసిన. ఇటుక సరిగ్గ పడ్డదా అని సూస్తున్నవనుకున్న.

ఎందుకు చెప్పకపోతివి బాపూ? తియ్యి, మల్ల తవ్వు అంటె తవ్వకపోదునా? పనోల్ల ముందట నేను చిన్నగైతనని ఊకున్నవా? మంచిగైనంక సూద్దామనుకున్నవా? నీకు మంచిగనే కాలే...

రాత్రి నుంచి ఇదే ఆలోచన. మొదలు నీ మీద కోపం వచ్చింది. నువ్వు ఉన్నప్పుడు సుత నీ మీద గింత కోపం రాలే. పొద్దుగాల చాయ పెట్టుకుంట ఏడ్సిన. ఇప్పుడు జెర నిమ్మళంగున్నది.

అంటె తప్పు నా ఒక్కదానిదే కాదు. నీది సుత ఉన్నది.

ఇది మాత్రం కాసింభాయికి చెప్ప. విఠోబాకు చెప్ప. మీ అల్లునికి సుత చెప్ప. అవ్వకు నాకే ఎరుక. నీ వంతు నా కాడనే ఉండనియ్యి.

నీ బిడ్డ,
రాజవ్వ